అన్న మోకాలు

మొన్న బస్సులో ఎవరో నొప్పుల మందు రాసుకుంటే, ఆ ఘాటుకు పటాన్‌చెరులో మేమున్న కిరాయి ఇల్లు గుర్తొచ్చింది.

అన్న అప్పుడే హైదరాబాద్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్‌లో జీతానికి చేరాడు. రెండు నెలలకే మోకాలు వాచి ఇంటికొచ్చాడు. తలుపు వేసి నా చేత మందు రాయించుకున్నాడు.

"జెర గట్టిగ రాయవే. ఎల్లుండి ఆడకుంటే తీసేస్తరు. అమ్మకు చెప్పకు."

ఎంత మండితే అంత జల్దీ తగ్గుతుందనుకుని సీసా అంతా రాశాను. నాకు ఎనిమిదేళ్లు.

ఆ కాలితోనే ఆడాడు. సగం ఆటలో పడిపోతే మోసుకొచ్చారు. ఇక ఆడలేడని డాక్టరు చెప్పాడు.

"నీకు ముందుగాల ఎరుకేనా బిడ్డా?" అమ్మ ఏడుస్తూ అడిగింది.

"నాకెరుక లేదమ్మా" అన్నాను. అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ అబద్ధం అన్న కోసమే అనుకున్నాను. తప్పు నా మీదికొస్తుందన్న భయంతో నా కోసమే చెప్పానని పెద్దయ్యాక తెలిసింది.