తాళాల గుత్తికి కట్టిన బిళ్ళ

మా అత్తగారికి మతిమరుపు ముదిరాక, నరసన్నపేటలోని మా పొడవాటి ఇంట్లో ఆవిడ ఎప్పుడు ఏ గదిలో ఉందో తెలియక హడలిపోయేవాళ్ళం. నేను కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. అందుకని గదికొక రిసీవర్ పెట్టి, ఆవిడకు రూపాయి బిళ్ళంత ట్యాగ్ తగిలించాను. దాని సిగ్నల్ ఏ గదిలో గట్టిగా అందితే ఆవిడ అక్కడున్నట్టు. గోడలు అడ్డమైతే సన్నబడుతుంది. చేతికి కడితే పీకి పారేసింది. నడుమున దోపుకునే తాళాల గుత్తిని మాత్రం ఎన్నడూ వదలదు కదా అని దానికే కట్టాను.

కాలేజీలో మధ్యాహ్నం క్యారేజీ విప్పి, ఆవిడ ఏ గదిలో ఉందో ఫోన్‌లో చూసేదాన్ని. అత్తగారు నా తోడికోడలి గదిలో. మర్నాడూ అక్కడే. క్యారేజీ మళ్ళీ మూసేసేదాన్ని. పెద్దకోడల్ని నేను. రోజూ ఆవిడ మోకాళ్ళకు నూనె రాసేది నేను. నేనటు వెళ్ళగానే చిన్నదాని దగ్గర చేరుతుందా? లెక్క ఎక్కడైనా తప్పిందేమోనని ఆదివారం అలాంటిదే ఇంకో బిళ్ళ పట్టుకుని అన్ని గదులూ తిరిగి మళ్ళీ కొలిచాను. తప్పలేదు.

ఉండబట్టలేక ఓ పూట సెలవు పెట్టి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. నేరుగా తోడికోడలి గదిలోకి వెళ్ళాను. అత్తగారు అక్కడ లేదు. తోడికోడలు బట్టలు మడతపెడుతోంది. ఆమె నడుముకు తాళాల గుత్తి, దానికి నా బిళ్ళ.

"నేనడగనేదక్కా. నువ్వెళ్ళగానే అత్తే ఇస్తాది, నువ్వొచ్చే ఏలకి తీసీసుకుంటాది. నీకు సెప్పొద్దంది" అంది.

అన్నీ మరిచిపోయే మనిషి, నా దగ్గర దాచడం మాత్రం మరిచిపోలేదు. ఈ ఇంట్లో తాళాలు పెద్దకోడలికి రావాలి. అత్తగారూ ఒకప్పుడు పెద్దకోడలిగానే వాటిని అందుకుంది.

వెతికితే అత్తగారు నా గదిలో, నా మంచం మీద, నా పాత చీర కప్పుకుని పడుకునుంది.

"తాళాలు దానికిచ్చీసావేటి అత్తా?"

"ఎక్కడ పడీసుకుంటానో అని బయ్యం. అది ఇంటికాడే ఉంటాది కదా."

"మరి ఇక్కడ పడుకున్నావేటి?"

"నువ్వు ఇంట్లో నేవు కదే. నీ మంచమ్మీదైతే నిద్దరొస్తాది."

ఇంకెవరైనా అయితే ఆ మాటకు కరిగిపోయేవాళ్ళు. నేనూ పక్కన కూర్చుని ఆవిడ కాళ్ళు నొక్కాను. నొక్కుతున్నంతసేపూ నా చెవులు మాత్రం పక్కగదిలో కదులుతున్న తాళాల చప్పుడు మీదే ఉన్నాయి.