తేదీ మార్చని బోర్డు

ఓర్విల్ ట్రెంబ్లేకి కాలు ఒకచోట నిలవదు. తింటూ తింటూ లేస్తాడు, కిటికీ తెర తొలగించి తన మేపుల్ తోపు చూసుకుంటాడు, మళ్లీ కూర్చుని సూపు చల్లారిపోయిందని విసుక్కుంటాడు. చొక్కా పైగుండీని తిప్పి తిప్పి ఊడగొట్టడం అతని వంతు, కుట్టడం భార్య డోరీన్ వంతు. మార్చిలో ఊరి సభలో, చెరువు దగ్గర బాతుల వేట మాన్పించాలని కొందరు తీర్మానం పెడితే, ఆ గుండీ పట్టుకునే లేచి గర్జించాడు: "కంచె లేని నేలమీద వేటాడుకోవచ్చని మన వెర్మాంట్ రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. కాదనడానికి మీరెవరయ్యా?" తీర్మానం వీగిపోయింది.

నవంబరులో జింకల వేట మొదలైన పొద్దున అతని తోపులోనే తుపాకీ పేలింది. ఇంటి చెప్పులతోనే పరుగెత్తాడు. పోస్టాఫీసులో పనిచేసే సెలెస్ట్ తుపాకీ దించి నిలబడింది.

"వేటాడొద్దని బోర్డు కొట్టాను, కనపళ్లేదా?"

"కనపడింది బాబాయ్. దానిమీద పోయినేటి తేదీ ఉంది. ఏటా మార్చకపోతే చెల్లదుగా! కంచె కూడా లేదాయె. సభలో చెప్పింది నువ్వేగా?" అంటూ ఆమె జేబులోంచి పెన్సిల్ తీసి ఇచ్చింది. "కావాలంటే ఇప్పుడే రాసేయ్, వెళ్లిపోతాను."

పెన్సిల్ బోర్డు దాకా వెళ్లి ఆగింది.

"రేపు రాస్తాలే," అని తిరిగిచ్చేశాడు.

ఆ పూటంతా తోపులో తుపాకీ పేలినప్పుడల్లా కుర్చీలోంచి లేస్తూనే ఉన్నాడు. సూదిలో దారం ఎక్కిస్తున్న డోరీన్ తలెత్తలేదు.

"పేలింది నీ రాజ్యాంగమేలే. కూర్చో."