నాలుగో స్క్రూ

నిన్న గోడకు అలమర బిగిస్తూ ఫోన్‌లో మట్టం చూస్తే, చదునైన బల్ల కూడా ఒక డిగ్రీ వంగి ఉందన్నది. ఒక్కసారి నొక్కగానే తన సున్నాను తానే దిద్దుకుని, ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. అంత సులువుగా తప్పు దులుపుకునే యంత్రాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండింది.

సెల్‌ఫోన్లకు ఇంకా మీటలున్న రోజుల్లో, అశ్వారావుపేట అవతల ఒక పామాయిల్ మిల్లులో, గెలలు పిండే ప్రెస్‌ అదురును కొలిచే బోర్డులు బిగించడానికి వెళ్లాను. బోర్డు మీద అదురును పసిగట్టే శనగగింజంత చిప్‌, యాక్సిలరోమీటర్; యంత్రం ఆగి ఉంటే అది సున్నా చూపాలి. మాది సున్నా నుంచి పక్కకు జరిగి, ఆపేసిన ప్రెస్‌ కూడా భూకంపంలో ఉందని చెప్పేది.

మేనేజరుగారు ఆ అంకెను నమ్మారు. ఏళ్లుగా ప్రెస్‌ నడుపుతున్న చాచా గ్రీజు సరిగా పెట్టడం లేదని తేల్చి, వారంలో అదురు తగ్గకపోతే పనిలోంచి తీసేస్తానని కాగితం రాశారు. అంకె సరైనదేనని కింద పెట్టిన సంతకం నాదే. చదువుకున్నవాణ్ణి కదా, అంకెకు ఎదురు చెప్పడం మాకు ఏ సెమిస్టర్‌లోనూ లేదు.

ఆగిన ప్రెస్‌కూ అంకె తగ్గకపోవడంతో, సంతకం పెట్టాక నాకు అనుమానమొచ్చింది. కరెంటు సరఫరా మార్చాను, చిప్‌ మార్చాను, ఆవిరి వేడికి రేకు అడ్డం పెట్టాను. బల్ల మీద బుద్ధిగా సున్నా చూపే బోర్డు, ప్రెస్‌కు బిగించగానే దారి తప్పేది. అయిదో రోజు చాచా పక్కన కూర్చుని చాయ్‌ తాగుతూ నా పని చూస్తున్నాడు.

"జర ఆగు బాబూ. నువ్వు నాలుగో స్క్రూ తిప్పుతుంటే గా అంకె ఉరుకుతున్నది."

"అది వేడికి, చాచా."

"ఏంది వేడి? మిషన్‌ పొద్దటి సంది బందే ఉన్నది. జర ఢీలా చెయ్యి."

వదులు చేశాను. అంకె వచ్చి సున్నా మీద కూర్చుంది. ఖమ్మంలో ట్రాక్టర్ల షెడ్డులో నాకు పని నేర్పిన ఉస్తాదు, స్క్రూ కీచుమంటేనే బిగింపు అనేవాడు. ఆ ధర్మాన్ని అట్టముక్కంత పలుచని బోర్డు మీదా శ్రద్ధగా పాటించాను. బోర్డు వంగింది, వంగిన బోర్డు చిప్‌ను నొక్కింది, ఆ నొక్కుడు ప్రెస్‌ అదురుగా, ప్రెస్‌ అదురు చాచా బద్ధకంగా కాగితానికెక్కింది.

బోర్డు వంగకుండా వాషర్లు సర్ది, చాలినంతే బిగించి, నా సంతకాన్ని నేనే కొట్టేసి, తప్పు బిగించినవాడిదని రాసిచ్చాను. చాచా పని నిలిచింది. మేనేజరుగారు 'సాంకేతిక లోపం' అని ఫైలు మూశారు. క్షమాపణకు అందులో గడి లేదు కాబోలు. చాచా మాత్రం నా భుజం తట్టి, "గ్రీజు మిషన్‌కు కాదు, నీ చేతికి పెట్టాలె" అన్నాడు.

ఇప్పుడు సున్నా దానంతటదే సర్దుకుంటుంది, మంచిదే. అది తప్పినన్నాళ్ళూ ఎవరి మీద నింద పడిందో మాత్రం అడిగేవాళ్ళు లేరు; అంకెతోపాటు మన చేతినీ చూసే మనిషి పక్కన లేడు. అలమర స్క్రూలను మాత్రం, కీచుమనకముందే ఆపాను.