వెనక చక్రం చప్పుడు

నలభై దాటిన ఆడది ఆదోనిలో పొద్దున్నే సైకిలు తొక్కుతోందంటే దానికి ఒకటే కారణం ఉండాలి, షుగరు. "ఎంతుందమ్మా, తినకముందా తిన్నాకనా?" అని మా వీధిలో ఎంతమంది అడిగారో లెక్కలేదు. మొదట్లో లేదని చెప్పేదాన్ని. ఎవరూ నమ్మకపోయేసరికి విసుగొచ్చి, బాగా ఉందని ఒప్పుకున్నాను. అప్పటినుంచి అడగడం మానేసి జాలిపడడం మొదలుపెట్టారు.

మా ఆయనది పత్తి వ్యాపారం. సైకిలు వద్దని ఆయన ఏనాడూ అనలేదు. హెల్మెట్ కూడా తనే తెప్పించాడు. కాకపోతే ఎంతదూరం పోయావు, ఏం చూశావు అని ఒక్కసారీ అడగలేదు. వద్దన్నా బాగుండేదేమో, పోట్లాడుకుంటూనైనా నాలుగు మాటలు మాట్లాడుకునేవాళ్లం. ఇరవై ఏళ్ల కాపురంలో మాకు గొడవల్లేవు. ఆయన తిన్నాక నేను వంటింట్లో తింటాను, ఆయన పడుకున్నాక నేను పడుకుంటాను. ఇంట్లో నాకు చాలా ఒంటరిగా ఉండేది.

నాలుగేళ్లు ఎమ్మిగనూరు రోడ్డు మీద ఒక్కదాన్నే తొక్కాను. ఆ రోడ్డు నాకు బాగా నేర్పింది పక్కకు తప్పుకోవడం. వెనక ఏ చప్పుడు వినిపించినా ఎడమకు జరిగి మట్టి మీదికి దిగేదాన్ని. పత్తి బేళ్ల లారీ అయినా, ఉరుకుంద గుడికి పోయే జనంతో కిక్కిరిసిన ఆటో అయినా, ఊరికే పక్కన చేరి ఇకిలించే మోటారుసైకిళ్లవాళ్లయినా, ముందు వాళ్లను పోనిచ్చి తర్వాత రోడ్డెక్కేదాన్ని. తల తిప్పి చూసే పని కూడా ఉండేది కాదు, అన్నీ చెవులతోనే కనిపెట్టేదాన్ని. ఈ విద్యలో నన్ను మించినవాళ్లు లేరని కాస్త గర్వం కూడా ఉండేది.

పోయిన చలికాలం ఎమ్మిగనూరు బయట ఒక వెంచర్లో ఆడవాళ్లకు సైకిలు పందెం పెట్టారు. దాన్ని క్రైటీరియం అంటారట. కిలోమీటరు దారినే తిప్పి తిప్పి పదిహేను చుట్లు తొక్కాలి. వెంచరంటే తెలిసిందే కదా, పెద్ద ఆర్చీ, నున్నటి రోడ్లు, రంగులేసిన హద్దురాళ్లు, ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. గాలికి అడ్డమన్నదే లేదు. ముందు గుంపు ఒక చుట్టు ఎక్కువ తిరిగొచ్చి మనల్ని అందుకుందంటే విజిల్ ఊదుతారు, దిగిపోవాలి. గెలుస్తానన్న భ్రమ నాకు లేదు. మధ్యలో దించెయ్యకుండా, చివరి చుట్టుకు కొట్టే గంట సైకిలు మీద ఉండి వినాలి, అంతే నా కోరిక. అది విన్నానంటే, మా ఆయన అడక్కపోయినా సరే, ఎదురుగా కూర్చోబెట్టి మరీ చెప్పాలనుకున్నాను.

తొమ్మిది మందిమి. కర్నూలు నుంచి, బళ్లారి నుంచి వచ్చిన పిల్లలు, సగం మంది నా పెళ్లినాటికి పుట్టి కూడా ఉండరు. వాళ్లను చూసి బెదిరాను గానీ, మొదటి మలుపు తిరిగేసరికి అందరికన్నా ముందున్నది నేనే! నాలుగేళ్ల ఎదురుగాలి ఊరికే పోలేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

రెండో మలుపులో వెనక చక్రాల చప్పుడు వినిపించింది. భయమూ లేదు, ఆలోచనా లేదు, చేతులు వాటంతట అవే సైకిలును ఎడమకు తిప్పాయి. కంకర మీదికి దిగాను. ఎనిమిది మందీ ఒకరి వెనక ఒకరు సర్రున వెళ్లిపోయారు. నేను మళ్లీ రోడ్డెక్కేసరికి యాభై గజాల దూరంలో ఉన్నారు.

ఆ దూరం ఇక తగ్గలేదు, పెరిగింది. వాళ్లు ఒకరి చాటున ఒకరు, వంతులేసుకుని గాలిని కాచుకుంటూ పోతున్నారు. నా వంతు గాలంతా నేనే మోశాను. పక్క చేలో పత్తి తీస్తున్న కూలీలు పని ఆపి చూశారు. అందులో ఒకామె నేను వచ్చినప్పుడల్లా కేకేసేది. "ఆ యమ్మ సూడబ్బా, ఒకతే అందరికన్నా ముందు వస్తాంది!"

ఆమెకు నిజం చెప్పేంత ఊపిరి నాకు లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పన్నెండో చుట్టులో గుంపు వెనకనుంచి వచ్చింది. మళ్లీ ఎడమకే జరిగాను. విజిల్ ఊదారు, దిగాను. చివరి గంట ఆర్చీ కింద నిలబడి విన్నాను. కళ్లనీళ్లు తుడుచుకుంటే చెమట అనుకుని ఎవరో టవలిచ్చారు.

పందెం అయ్యాక అందరికీ ఉగ్గాని, బజ్జీ పెట్టారు. బళ్లారి నుంచి వచ్చిన ఒక పిల్ల ప్లేటుతో వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, నువ్వు బలే తొక్కుతాండావు. మొదట్లో ఎందుకు పక్కకు పోయినావు?"

"ఎనక మీరు వస్తాండారు కదమ్మా. దారిచ్చినా."

ఆ పిల్ల నవ్వలేదు. "నిన్ను దాటనీకి కాదక్కా మేము వచ్చింది. నీ ఎనక చేరనీకి. కొంచెంసేపు నీ చాటున ఉండి, మళ్లా మేము ముందుకొచ్చి నిన్ను మా చాటున పెట్టుకుందామనుకున్యాం. నువ్వేమో యాడికో పోతివి."

ప్లేటు కింద పెట్టి సైకిలెక్కాను. ఎదురుగాలిలో ఆదోనికి తిరిగొస్తూ దారి పొడుగునా అదే ఆలోచన. నా వెనక వచ్చినవాళ్లలో నన్ను దాటిపోవాలనుకున్నది ఎంతమందో, నాతో పాటు రావాలనుకున్నది ఎంతమందో ఇప్పుడు తేల్చుకునే మార్గం లేదు.

ఇల్లు చేరేసరికి మా ఆయన చాప మీద భోజనానికి కూర్చున్నాడు. వడ్డించి, వంటింట్లోకి పోకుండా నా కంచం కూడా తెచ్చుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన తలెత్తి చూసి, "ఓ, నువ్వు ఈడ కూసుంటావా?" అని తన కంచం పట్టుకుని మంచం మీదికి పోవడానికి లేచాడు. నాకు చోటు చాలదనుకున్నాడు పాపం.

"లెయ్యొద్దండి," అన్నాను. "ఈడే ఉండండి."

"ఏమైంది?"

"ఏం కాలేదు. నా పక్కన కూసోని తినండి."

ఆయన కంచంతో కాసేపు నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. ఇరవై ఏళ్లకు మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చుని తిన్నాం.