డల్లాస్ రేటు, తిరుపతి రేటు

మా ఆయనకు వస్తువు కొనడం చేతకాదు. కారణాలు అడగడం మాత్రం బాగా వచ్చు. కూరగాయల బండి దగ్గర నిలబడి, బెండకాయలు నిన్నటికన్నా పది రూపాయలు ఎందుకు పెరిగాయో పూర్తిగా తెలుసుకుంటారు. తెలుసుకుని ఖాళీ సంచీతో ఇంటికొస్తారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ బెండకాయలు నేనే వెళ్ళి తెచ్చుకుంటున్నాను. అందుకని పోయిన ఏడాది జూన్‌లో ఆయన ల్యాప్‌టాప్ కొనడానికి చెప్పులు వేసుకుంటున్నప్పుడే, ఇది ఒక పూటలో తేలే వ్యవహారం కాదని నాకు తెలుసు. రెండు నెలలు నడుస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆయన పేరు పరాశర్. వాళ్ళది పాఠం చెప్పే ఇల్లు. తాతగారు, నాయనగారు ఇద్దరూ తిరుపతి మాడ వీధిలో ఇంటి అరుగు మీద కూర్చుని పిల్లలకు ఆళ్వారుల తమిళ పాటలు, పాశురాలు నేర్పినవాళ్ళే. ఈయన ఒక ప్రైవేటు స్కూల్లో సంస్కృతం చెప్పేవారు. కరోనా వచ్చిన ఏడు ఆ స్కూలు సంస్కృతాన్ని తీసేసింది, దాంతోపాటు ఈయన్నీ తీసేసింది. మూడు నెలలు ఇంట్లో కూర్చుని గోడ గడియారం చూస్తుంటే భరించలేక, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పమని నేనే వెంటపడ్డాను. మొదట మా వీధి పిల్లలు చేరారు. తర్వాత వాళ్ళ బంధువుల పిల్లలు. అలా అలా అమెరికాలో డల్లాస్ దాకా పాకింది.

వాళ్ళ ఇంట్లో పాఠానికి ఫీజు అనే మాట వాడరు. సంభావన అంటారు. ఇచ్చేవాళ్ళు శక్తి కొద్దీ ఇస్తారు, పుచ్చుకునేవాళ్ళు ఎంత అని చూడకుండా పుచ్చుకుంటారు. వినడానికి ఎంతో బాగుంటుంది. గ్యాస్ సిలిండర్ వేసే అతను శక్తి కొద్దీ ఇస్తే ఊరుకోడు కాబట్టి రేటు నేను పెట్టించాను. మా చుట్టుపక్కల పిల్లలకు నెలకు ఐదువందల రూపాయలు, అమెరికా పిల్లలకు నలభై డాలర్లు. ఆయన ఇరవై చాలన్నారు. తక్కువ చెబితే తక్కువ పాఠం అనుకుంటారని నలభై అని నేనే మెసేజ్ పెట్టాను. ఎవరూ కిమ్మనలేదు. ఐదుగురు చేరారు. నిజం చెప్పాలంటే మా ఇల్లు నడిచేది ఆ ఐదుగురితోనే.

అలాంటప్పుడు ఏడేళ్ళ పాత ల్యాప్‌టాప్ చచ్చిపోయింది. ముందు తెర మీద పచ్చ గీతలు వచ్చాయి, మర్నాటికి గీతలు కూడా పోయాయి. ఆయన నా ఫోన్‌ను చెంబుకు ఆనించి పాఠం చెప్పడం మొదలుపెట్టారు. మొహాలు కనపడవు, మాట తెగిపోతుంది. రెండో వారంలోనే డల్లాస్ తల్లి ఒకావిడ, వీడియో బాగాలేదు, బాగయ్యాక చెప్పండి అని మర్యాదగా రాసింది. ఆ మర్యాదకు అర్థం నాకు తెలుసు. ఇంకో నెల ఇలాగే ఉంటే డాలర్ల క్లాసు ఖాళీ అవుతుంది. ఆయనకూ ఆ సంగతి తెలుసు. అయినా కారణం తేలందే కొనరు.

బాలాజీ కాలనీలో మునికుమార్ అనే ఆయనకు కంప్యూటర్ల షాపు ఉంది. నేనూ వెంట వెళ్ళాను, లేకపోతే ఖాళీ చేతుల్తో వస్తారని. కావలసిన ల్యాప్‌టాప్ డెబ్బై ఐదు వేలు. మా ఆయన జేబులోంచి కాగితం తీశారు. అదే కంపెనీ, అదే మోడల్ నంబరు, అమెరికాలో ఆరువందల యాభై డాలర్లని వెబ్‌సైట్‌లో చూసి రాసుకొచ్చారు. అంటే మన లెక్కలో యాభై ఆరు వేలు.

"మునికుమారప్పా, వస్తువు అదే, నంబరు అదే. ఆడ యాభై ఆరు, ఈడ డెబ్బై ఐదు. మధ్యలో ఏం జరిగిందో చెప్పు."

మునికుమార్ ఓపికున్న మనిషి. "సామీ, ఆడ పన్ను లేకుండా రేటు రాస్తారు. బిల్లు కొట్టేటప్పుడు కలుపుతారు. మనకు పద్దెనిమిది శాతం జీఎస్టీ రేట్లోనే కలిసి ఉండాది," అన్నాడు.

ఆయన కాగితం మీద వేసి చూశారు. "పన్నుకు పదివేలు పోయింది, సరే. ఇంకా తొమ్మిదివేలు ఉండాదే, అది యాడికి పోయింది?"

"రూపాయి పడిపోతాదేమోనని కంపెనీవాళ్ళు ముందే కొంచెం ఎక్కువ వేసుకుంటారు సామీ. తెప్పించే ఖర్చు, గోడౌను, డీలరు, ఆ తర్వాత నేను. ఈడ సర్వీసు సెంటరు పెట్టాల. ఆడ ఒక దినంలో అమ్మేది మనం నెలంతా అమ్ముతాము. సరుకు తక్కువ పోయే చోట ఒక్కోదాని మీద పడే ఖర్చు ఎక్కువే కదా."

"అదంతా కలిపితే తొమ్మిదివేలు అవతాదా?"

మునికుమార్ నా వంక చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను. అతను గొంతు తగ్గించి, "అవదు సామీ. ఒక్కో దేశంలో జనం ఎంత దాకా ఇస్తారో సూసుకోని రేటు పెడతారు. మనం ఇస్తామని తెలుసు, తీసుకుంటారు. అంతే," అన్నాడు.

అబద్ధం చెప్పి ఉంటే మేము ఆ రోజే కొనేవాళ్ళం. పాపం అతను నిజం చెప్పాడు. మా ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చేశారు. ఆటోలో నేను ఎంత చెప్పినా వినలేదు.

"కొండెక్కితే కొబ్బరిబొండానికి రేటు పెరగదా? అట్లే అనుకోండి," అన్నాను.

"కొండకు మోసినందుకు పెరగతాది. దాన్ని నేను అడగలేదే. మోసిన కూలి పోను మిగిలింది ఎందుకని అడుగుతుండాను. నేను ఉన్నోళ్ళ దగ్గర ఎక్కువ తీసుకుంటా, లేనోళ్ళ దగ్గర తక్కువ తీసుకుంటా. వీళ్ళు తలకిందులుగా తీసుకుంటుండారు."

ఆ మాట సబబుగానే ఉంది. అదే నా బాధ. ఆయన మాటలన్నీ సబబుగానే ఉంటాయి, పని మాత్రం కాదు. ఆ తొమ్మిదివేల కోసం జూలై అంతా గడిచిపోయింది. భోజనం దగ్గర తొమ్మిదివేలు, సంధ్యావందనం ముగించి లేస్తూ తొమ్మిదివేలు. ఏ దేశంలో ఎంతో నా ఫోన్‌లోనే వెతికేవారు. ఒక దేశంలో మనకన్నా ఎక్కువని తెలిసిన రోజు కొంచెం అన్నం ఎక్కువ తిన్నారు. ఈలోగా ఫోన్‌ను చెంబుకు ఆనించిన పాఠం అలాగే నడిచింది. నాకు ఒళ్ళు మండిపోయేది. చెంబును చూసినా మండేది.

డల్లాస్ పిల్లల్లో శ్రీవేద అని తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది. వాళ్ళ నాన్న లక్ష్మీనరసింహ మా చిత్తూరు వాడే. ఆగస్టులో స్వామి దర్శనానికి వస్తున్నామని, ఏమైనా కావాలా అని అడిగాడు. మా ఆయన ఇలాంటి ప్రశ్నకు ఎప్పుడూ ఏమీ వద్దనే అంటారు. ఈసారి మోడల్ నంబరు చెప్పారు.

తెచ్చాడు. అక్కడి పన్నుతో కలిపి అరవై వేల ఐదువందలు. పద్నాలుగు వేల ఐదువందలు మిగిలాయని మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఛార్జరు మన ప్లగ్గులో దూరలేదు. ఆ చిన్న ముక్క కోసం మళ్ళీ మునికుమార్ దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది. అతను దెప్పకుండా ఇచ్చి, "పాడైతే ఈడ ఉచితంగా బాగుచేస్తారో లేదో కనుక్కోండి సామీ," అన్నాడు. కనుక్కున్నాం. చేయరట. దానికి కూడా తిరుపతి రేటులో కొంత ఉందన్నమాట. మా ఆయన ఆ ముక్క జేబులో వేసుకుని ఆటో పిలిచారు.

వాళ్ళు వచ్చిన రోజు మా ఇంట్లోనే భోజనం పెట్టాను. పులిహోర, మేము సాత్తుముదు అనే చారు, అప్పడాలు. లక్ష్మీనరసింహ రెండోసారి సాత్తుముదు పోయించుకుంటుండగా పక్క వీధి భారతమ్మ వచ్చింది. ఆమె మనవరాలు మా దగ్గర చదువుతుంది. కొంగు ముడి విప్పి ఐదువందల నోటు నా చేతిలో పెట్టి వెళ్ళింది.

"ఇది వారానికా అమ్మా?" అని లక్ష్మీనరసింహ మామూలుగా అడిగాడు.

"నెలకు," అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

అతను చెయ్యి విస్తట్లో ఆపి, మనసులో లెక్క వేశాడు. ఆ లెక్క నాకు కనిపించింది. రూపాయల్ని డాలర్లు చేసేవాళ్ళ కళ్ళు ఒక్క క్షణం పైకి పోతాయి. తర్వాత నవ్వి, "మంచిదమ్మా. ఇక్కడి పిల్లలకు అందుబాటులో ఉండాలి కదా," అన్నాడు.

సెప్టెంబరులో మెసేజ్ వచ్చింది. శ్రీవేదకు శుక్రవారం ఈత క్లాసు పెట్టారు, పాశురాలు కొన్నాళ్ళు ఆపుతాం, క్షమించండి అని. అదే వారం వాళ్ళ స్నేహితుల పిల్లలు ఇద్దరు మానేశారు. ఐదుగురిలో ఇద్దరు మిగిలారు. ల్యాప్‌టాప్ మాత్రం అద్దంలా పనిచేస్తోంది. కొత్తది వచ్చాక పిల్లలు పోవడమేమిటని నేను మా ఆయన మీద అరిచాను. అరవడానికి ఇంకెవరూ లేరు కాబట్టి అరిచాను. చీరలకు ఫాల్స్ కుట్టే పని మళ్ళీ మొదలుపెట్టాను.

అక్టోబరులో పుత్తూరు నుంచి వకుళ అనే ఆవిడ ఫోన్ చేసింది. మా అన్నగారి అమ్మాయి గోద, పాశురాలు నేర్చుకుంటుంది, శని ఆదివారాల సాయంత్రం క్లాసులో చేర్చుకోండి అంది. ఊళ్ళో నెట్ సరిగా లేదు, కెమెరా వేయలేము అంది. ఐదువందలు ఆ నిమిషమే ఫోన్‌లో పంపింది. కాదనడానికేముంది.

మొదటి శనివారం సాయంత్రం ఆరున్నరకు నేను హాల్లోనే కూర్చుని ఫాల్ కుడుతున్నాను. గోద వంతు వచ్చింది. పాశురాల్లో తమిళ అక్షరం ఒకటి ఉంటుంది. ల కాదు, ళ కాదు, నాలుక మడిచి పలకాలి. తెలుగు పిల్లలు దానితో నెలలు నెలలు కుస్తీ పడతారు. గోద తడబడకుండా పలికింది. పలికే ముందు చిన్నగా ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి ఎవరిదో నాకే తెలిసిపోయింది. నాలుగు నెలలు డల్లాస్ క్లాసు కోసం తెల్లవారుజామున కూర్చుని, ముందు ఊపిరి తీసుకోమ్మా, తర్వాత నాలుక మడువమ్మా అని శ్రీవేదకు నేర్పింది ఆయనే. చెంబుకు ఆనించిన ఫోన్ అయితే ఆ ఊపిరి వినపడేది కాదు. డల్లాస్ ల్యాప్‌టాప్ కదా, వినపడింది.

ఆయన కళ్ళు మూసుకుని పాశురం పూర్తయ్యేదాకా విన్నారు. తర్వాత ప్రతి పిల్లనూ అడిగినట్లే అడిగారు. "ఏం తిన్నావమ్మా?"

"అన్నం తిన్నాను సార్. పుత్తూరులో," అంది పిల్ల. వెనక నుంచి ఆడగొంతు, "శ్రీ, పాలల్లో సీరియల్ నానిపోతోంది, తొందరగా రా," అంది. వెంటనే మైకు ఆగిపోయింది. మాకు సాయంత్రం ఆరున్నర అంటే డల్లాస్‌లో పొద్దున్న ఎనిమిది, టిఫిను వేళ.

మిగతా పిల్లలకు ఏమీ అర్థం కాలేదు. ఆయన, "బాగా పలికినావమ్మా," అని పక్క పిల్లను పిలిచారు.

క్లాసు అయ్యేదాకా ఎలా ఓర్చుకున్నానో నాకే తెలియదు. సూది పక్కన పెట్టి ఫోన్ తీశాను. "నలభై డాలర్లు మిగుల్చుకునేదానికి కన్నబిడ్డ పేరు మార్చినాడు. సాత్తుముదు రెండుసార్లు పోసినాను ఆ మనిషికి. ఇప్పుడే అడగతాను," అన్నాను.

"ఏమని అడగతావు?" అన్నారాయన. "రేటు యాడ తక్కువో ఆడ కొనుక్కున్నాడు. మనమూ ఆ పనే చేసినాము. ఆయన చేతనే చేయించినాము."

"మనది యంత్రం, ఇది పాఠం. మనం పేరు మార్చుకోలేదు, అబద్ధం ఆడలేదు. తొమ్మిదేళ్ళ బిడ్డ చేత దేవుడి పాటకు ముందు అబద్ధం ఆడించినారు వాళ్ళు."

ఆయన ల్యాప్‌టాప్ మూశారు. మూసిన దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నారు. ఆ ముఖంలో కోపం ఉంటే నాకు బాగుండేది.

"పెరుందేవీ, ఇది ఆ బిడ్డ స్కూలు సంచిలో వచ్చినాది. విమానాశ్రయంలో కస్టమ్స్‌వాళ్ళు ఎవరన్నా ఆపితే, అడిగితే, ఇబ్బంది అవతాదేమోనని నాకు భయం. బయలుదేరే ముందు దినం ఆ బిడ్డతో ఫోన్‌లో నేనే మాట్లాడినాను. ఇది ఎవరిదని అడిగితే నాదే, నా చదువుకే అని చెప్పమ్మా అన్నాను. ఆ బిడ్డ అమాయకంగా, అది అబద్ధం కదా సార్ అని అడిగినాది. ఫరవాలేదులేమ్మా, చిన్నదే అన్నాను."

నా చేతిలో ఫోన్ అలాగే ఉంది. నలభై అని మెసేజ్ పెట్టిందీ ఆ ఫోన్‌లోనే. లక్ష్మీనరసింహకు ఫోన్ చేయలేదు. ఆ తర్వాత కూడా చేయలేదు.

గోద ఇప్పటికీ శని ఆదివారాలు క్లాసుకు వస్తుంది. వకుళ నెల నెలా ఐదువందలు పంపుతుంది. ఆయన ఆ పిల్లకు మిగతావాళ్ళకన్నా ఎక్కువే నేర్పుతారు, గోదమ్మా అనే పిలుస్తారు. కానీ ఆ క్లాసులో ఏ పిల్లనూ ఏం తిన్నావని అడగడం మానేశారు.