పరదేశి మైల సంచి

పరదేశిని చూసి ఫోటోగ్రాఫరని ఎవరూ అనుకునేవారు కాదు. అనుకోకూడదనే అతగాడి తంటాలన్నీ. భుజానికి అడ్డంగా వేలాడే గోధుమరంగు రెగ్జిన్ సంచి, జేబులో రెండు పెన్నులు, అందులో ఒకటి అసలు రాయదు. అనకాపల్లి కాంప్లెక్సులో బస్సెక్కితే కొందరు ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చాడనుకుని గబుక్కున కిటికీ వైపు తిరిగిపోయేవారు. ఓసారి పక్కసీటు ముసలమ్మ అయితే, చీర మోకాలిదాకా లాగేసి, "డాటరు బాబూ, ఈ మోకాలు సంపేత్తంది. ఓ సూది పొడిసీ" అంది.

"సూది ఇంటికాడ మరిసిపోనానమ్మా" అన్నాడు పరదేశి. ఫోటోలు తీస్తానని చెప్పడం కంటే డాక్టరుగా తిట్లు తినడమే నయమనిపించింది.

ఆ సంచిలో కెమెరా ఉండేది, భార్య జ్యోతిలక్ష్మి పాత నేతచీర ముక్కలో చంటిపిల్లలా చుట్టుకుని. ఫ్లాషేమో క్యారేజీ గిన్నెలో. రీళ్ళు కూతురు చిట్టి స్కూలు మేజోళ్ళలో. వాటి పక్కనే మధ్యాహ్నం అన్నం డబ్బా. అందుకని ఆ కెమెరాకి ఎప్పుడూ ఆవకాయ వాసన. "ఇటు సూడండి, నవ్వండి" అని పరదేశి దగ్గరికొస్తే పిల్లలకి నోట్లో నీళ్ళూరేవి.

ఈ దాపరికం ఎందుకంటే, ఆ సంచి వెళ్ళేది చావు జరిగిన ఇళ్ళకి. చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ళు చాలామంది బతికుండగా ఫోటో తీయించుకున్నవాళ్ళు కాదు. పోయాక ఇంటివాళ్ళకి గుర్తొచ్చేది. స్నానం చేయించి, కొత్తబట్ట కట్టి, అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టి పరదేశికి కబురంపేవారు. అతను ఫోటో తీసి, పెద్దది చేయించి, సన్న కుంచెతో మూసిన రెప్పల మీద కళ్ళు గీసిచ్చేవాడు. దాన్ని కళ్ళు తెరిపించడం అంటారు. కళ్ళు తెరిపించడంలో పరదేశిని మించినవాడు లేడు. అదే అతని ఖర్మ.

ఎందుకంటే చావింటికి వెళ్ళిన వస్తువుని పెళ్ళింటి గడప తొక్కనివ్వరు. పరదేశికి ఉన్నదేమో ఒకటే కెమెరా. అందుకని రెండు సంచులు పెట్టాడు. కెమెరాతోపాటు వచ్చిన నల్ల సంచి పెళ్ళిళ్ళకి, గోధుమ సంచి చావులకి. పైగా దానికో సిద్ధాంతం.

"మైల సంచికి అంటుకుంటాది గానీ కెమెరాకి అంటదే. అది లోపల సీర సుట్టుకుని పడుకునుంటాది. దానికేటి తెలుత్తాది ఎక్కడికెల్లిందో?"

"దానికి తెలవకపోతే నాకు తెలుత్తాది" అనేది జ్యోతిలక్ష్మి. గోధుమ సంచిని వీధిగోడ మేకుకి తగిలించాల్సిందే. గడప దాటనిచ్చేది కాదు.

ఊళ్ళో సగంమందికి ఈ సంగతి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండేవారు. ఆ మర్యాద మీదే పరదేశి పెళ్ళిబేరాలు నడిచేవి. అవి కూడా ఈమధ్య ఎండిపోతున్నాయి. రెండువేల ఐదులో మెయిన్ రోడ్డులో రామ్‌గోపాల్ అనే కుర్రాడు డిజిటల్ స్టూడియో పెట్టాడు. గవరపాలెంలో పెళ్ళయిన పిల్లని కంప్యూటర్లో మంచుకొండ మీద నిలబెట్టేవాడు. పాపం ఆ పిల్ల, పట్టుచీరతో చలికి వణకకుండా నవ్వుతూ ఉండేది. జనానికి అది తెగ నచ్చేసింది.

పరదేశికి ఒక్కటే కోరిక. చిట్టి ఓణీల ఫంక్షనుకి తన చేత్తో ఫోటోలు తియ్యాలి. ఊళ్ళోవాళ్ళ పిల్లలందరినీ తీశాడు, పోయినవాళ్ళందరినీ తీశాడు, తన పిల్లని ఓణీలో తియ్యకపోతే ఇంక కెమెరా ఎందుకు?

జ్యోతిలక్ష్మి ఒప్పుకోలేదు. "ముందు నలుగురూ శుభకార్యాలకి నిన్ను పిలనీ. అప్పుడు మనింటికీ తీద్దువుగాని. నేకపోతే సుట్టాలు నా మొకాన్నే అంటారు, పీనుగుల కెమెరా పిల్లమీదెట్టేరని."

"ఆ మాట మీదుంటావా?"

"ఉంటాను."

ఆ వేసవిలోనే కె. కోటపాడు అవతల పల్లెలో పోతన్న అనే చెరుకురైతు పోయాడు. పరదేశి వెళ్ళేసరికి కుర్చీలో కూర్చోబెట్టి ఉంచారు. అంతా బాగానే ఉంది గానీ తల నిలబడదు. ఇటు ఎత్తితే అటు వాలిపోతుంది. కొడుకులు గెడ్డం పట్టుకుంటే ఫోటోలో చేతులు పడుతున్నాయి.

"బతికున్నప్పుడూ ఆడంతే. ఓ మాట మీద నిలబడ్డోడు కాడు" అన్నాడు ఎవరో ముసలాయన. ఏడుస్తున్నవాళ్ళలో ఇద్దరికి నవ్వొచ్చింది. దాన్ని కప్పుకోడానికి ఇంకా గట్టిగా ఏడ్చారు.

పరదేశి సంచిలో సామానంతా అరుగు మీద దించాడు. ఖాళీ సంచిని మడతపెట్టి పోతన్న మెడ వెనక ఆనించి, పైన తువ్వాలు కప్పాడు. గెడ్డం కాస్త ఎత్తాడు. తల నిలబడింది.

పోతన్న భార్య అప్పలకొండమ్మ అప్పటిదాకా స్తంభానికి జారబడి ఉంది. లేచి వచ్చి చూసింది. "ఇప్పుడు మా ఆయన్నాగున్నాడు. బాబూ, కళ్ళు తెరిపిత్తావా?"

"తెరిపిత్తానమ్మా. ఎలాగుండీవి ఆ కళ్ళు?"

"కోపంగా ఉండీవి. కోపంగానే ఎట్టు."

కోపంగానే పెట్టాడు. పటం చేతికిచ్చిన రోజు ఆవిడ చాలాసేపు చూసి, "నన్నే సూత్తన్నాడు. కూరలో ఉప్పు సాలనేదనీసి" అని, పరదేశి చేతులు రెండూ తీసుకుని కళ్ళకద్దుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి బెల్లం వర్తకుడు వెంకటరమణమూర్తి నుంచి కబురొచ్చింది. కూతురు సుమశ్రీ పెళ్ళి. పరదేశి నమ్మలేదు. వెళ్ళి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రావయ్యా. ఆ కంప్యూటర్ ఫోటోల్లో మా అమ్మాయి మా అమ్మాయిలా ఉండదు. నా పెళ్ళికి మీ నాన్న తీశాడు, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నువ్వే తియ్యి" అన్నాడు మూర్తిగారు.

పరదేశి ఇంటికొచ్చి చెబితే జ్యోతిలక్ష్మి చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. "మూర్తిగారింట్లోనా! ఇది సక్కగా జరిగిందంటే చిట్టి ఫంక్షను నీదే. ఇంకెవులేటంటారో నానూ సూత్తాను."

చిట్టి అప్పుడే అద్దం ముందు నిలబడి, ఏ పక్కకి తిరిగితే బాగుంటానో అని చూసుకోవడం మొదలెట్టింది.

పెళ్ళిరోజు పొద్దున్నే పరదేశి నల్ల సంచి దించాడు. అడుగు ఊడి కింద పడింది. పరదేశికి ఒక దొంగలవాటు ఉంది. పెళ్ళిభోజనాల్లో ఓ లడ్డూయో బూరో నల్ల సంచి పక్కజేబులో దాచి చిట్టికి తెచ్చేవాడు. ఆ నెయ్యి వాసనకి ఎలక దూరి, దూది, తోలు, జిప్పు అన్నీ తినేసి, అడుగున కాపురం పెట్టేసింది. మిగిలింది వీధిగోడ మీది గోధుమ సంచే.

పసుపునీళ్ళలో ముంచాడు. రుద్దాడు. ఎండలో ఆరేశాడు. పక్కింట్లో ఉండే ఆటోడ్రైవరు దేముడు అటు పోతూ ఆగాడు.

"ఏటి బావా, సంచికి తలంటు పోత్తన్నావు?"

"పెల్లికెల్తందిరా."

"మరైతే బొట్టు కూడా ఎట్టీ. తాళి దానికే కట్టేత్తారు."

"నవ్వకురా. ఎవులైనా గుర్తుపడతారేటి?"

"ఊల్లో ఇలాటి సంచులు కోకొల్లలు బావా. సంచినెవులు సూత్తారు? భోజనాలకాడ కళ్ళుంటాయి గానీ."

పరదేశికి ధైర్యం వచ్చింది. కానీ పూర్తిగా రాలేదు. పెళ్ళింటికి వెళ్ళాక ఆ సంచిని పందిట్లోకి తీసుకెళ్ళడానికి మనసొప్పలేదు. శుభమా అని పెళ్ళి, దీన్నెందుకు తేవడం అని, కెమెరా మెళ్ళో వేసుకుని, రీళ్ళు జేబులో పోసుకుని, సంచిని పెరట్లో వంటపొయ్యిల పక్కన మేకుకి తగిలించాడు. దేముడి మాట నమ్మి పందిట్లో భుజానే ఉంచుకుని ఉంటే, ఈ కథ ఇంకోలా ఉండేది.

గౌరీపూజ తీశాడు. సుమశ్రీ బుగ్గచుక్క సరిగ్గా పడేలా వెలుతురు చూసుకుని తీశాడు. ఆ పిల్ల కూడా, "బాగా వస్తుందా అంకుల్?" అని అడిగింది. "సిట్టితల్లీ, నాకంటే కెమెరాకే నువ్వు నచ్చేవు" అన్నాడు. చాలా రోజులకి అతని చేతులు తేలిగ్గా ఆడుతున్నాయి. మధ్యలో ఫ్లాషుకి కొత్త సెల్లులు కావలసి పెరట్లోకి వెళ్ళాడు.

అక్కడ సంచి మేకుకి లేదు. అప్పలకొండమ్మ ఒళ్ళో ఉంది.

ఆవిడ కొడుకులు మూర్తిగారి కొట్టుకే బెల్లం వేస్తారు. పెళ్ళికని దిమ్మలు బండి మీద తెచ్చి, మొగుడు పోయి ఏడాది తిరగని మనిషి కాబట్టి పందిట్లోకి రాకుండా, పెరట్లో కూరలు తరుగుతూ కూర్చుంది. పైకి చూస్తే సంచి కనపడింది. పసుపులో ముంచితే మాత్రం, రాత్రింబవళ్ళు తలచుకున్నదాన్ని మరిచిపోతుందా?

"ఓలమ్మ, బాబూ! నువ్వేనేటి! సంచి సూసి అనుకున్నాను" అని లేచి, సంచిని రెండు కళ్ళకీ అద్దుకుని, పక్కనే వంటలు చూస్తున్న పెళ్ళికూతురి నాయనమ్మ సుందరమ్మగారి వైపు తిరిగింది. "అమ్మా, ఈ బాబు దేవుడమ్మా. మా ఆయన పోయినప్పుడు తల నిలబడకపోతే ఈ సంచి మీదే కదా ఆనించేడు! సచ్చిపోయినోడికి కళ్ళు తెరిపించేడు. ఇలాటి మడిసి ఎక్కడా నేడు."

ఆవిడ పొగుడుతోంది. పరదేశి జన్మలో అంత గొప్పగా అతన్ని ఎవరూ పొగడలేదు.

సంచి అతని చేతిలో పెట్టి, తరిగిన కూరలు కడగడానికి నూతి దగ్గరికి వెళ్ళిపోయింది. సుందరమ్మగారు సంచిని చూశారు. తర్వాత అతని మెళ్ళోకి చూశారు.

"ఆ కెమెరాయేనా నాయనా, ఇదీ?"

పరదేశికి సిద్ధాంతం మొత్తం నాలుక మీదికొచ్చింది. మైల సంచికి అంటుతుంది గానీ. చీరముక్కలో చుట్టుకుని.

"నాకు ఒకటేనండి ఉన్నది" అన్నాడు.

ఆవిడ కేకలు వెయ్యలేదు. వేస్తే బాగుండును. కొంగు నోటికి అడ్డంపెట్టుకుని, గొంతు తగ్గించి అన్నారు: "నీ తప్పు కాదు నాయనా, నీ వృత్తి నీది. కానీ తాళి కట్టే వేళకి అది పందిట్లో ఉండకూడదు. తీసిన బొమ్మలు కూడా మాకొద్దు. ఆ రీలు తీసెయ్యి. భోంచేసి వెళ్ళు."

ఎన్నేళ్ళుగానో రీలుకి ఎండ తగలకుండా చొక్కా కప్పి, దుప్పటి కప్పి, ఒళ్ళు అడ్డంపెట్టి కాపాడిన మనిషి. పెరట్లో నడి ఎండలో నిలబడి కెమెరా వెనకతలుపు తెరిచాడు. రీలు లాగాడు. గౌరీపూజ, బుగ్గచుక్క, "బాగా వస్తుందా అంకుల్", అన్నీ పొడుగ్గా చేతిలోకి వచ్చాయి. సుందరమ్మగారు పొయ్యి వైపు చూపించారు. అందులో పడేశాడు. ముడుచుకుపోయి చెడ్డవాసన వేసింది.

అక్కడే ఆకేశారు. వడ్డించింది అప్పలకొండమ్మే.

"ఏటి బాబూ, కెలుకుతున్నావు గానీ తినవేటి? ఇంకో బూరి ఎయ్యనా?"

ఆవిడకి ఏం జరిగిందో తెలీలేదు. ఏదో పని అయిపోయి తింటున్నాడనుకుంది. పరదేశి చెప్పలేదు. "సాలమ్మా, కడుపు నిండిపోనాది" అన్నాడు. పందిట్లోంచి గట్టిమేళం వినిపించింది. కబురందుకుని పరుగుపరుగున వచ్చిన రామ్‌గోపాల్ ఫ్లాషు టపటపా మెరిసింది. పరదేశి అలవాటుగా ఒక బూరె చిట్టికని ఎత్తాడు. దాచడానికి నల్ల సంచి లేదు. గోధుమ సంచిలో పెట్టడానికి చెయ్యి రాలేదు. మళ్ళీ ఆకులోనే పెట్టేశాడు.

ఆ రోజుతో ఊళ్ళో మర్యాద అయిపోయింది. సగంమందికి ముందే తెలిసినదే, కానీ ఇప్పుడు పైకి అన్నారు. ఇంక ఏ శుభకార్యానికీ పిలుపు రాలేదు. పని లేకా? బోలెడంత పని. అప్పలకొండమ్మ కన్న తల్లిలా ఊరూరా చెప్పింది: "ఎవులైనా పోతే సంచి బాబుని పిలండి, నిద్రలేపినట్టు తీత్తాడు." కోటపాడు నుంచి, ఎలమంచిలి నుంచి, ఆఖరికి నాతవరం అవతల నుంచి కూడా కబుర్లు. ఎవరికీ కనపడకూడదని కొన్న సంచిని ఇప్పుడు బస్సంతా గుర్తుపడుతోంది. ఎక్కితే పక్కసీటు ఖాళీ అయిపోతుంది. "ఎవులు పోనారు బావూ?" అని కండక్టరే అడుగుతాడు. సూది పొడవమన్న ముసలమ్మ కూడా ఓసారి కనపడింది. మోకాలు కప్పేసుకుని ముందుకెళ్ళి కూర్చుంది.

మాఘమాసంలో చిట్టి ఓణీల ఫంక్షను పెట్టుకున్నారు. పరదేశి ఆ మాట ఎత్తలేదు. జ్యోతిలక్ష్మే ఎత్తింది, అన్నం వడ్డిస్తూ, అతని మొహంలోకి చూడకుండా.

"ఆ కుర్రోడిని పిలుద్దామయ్యా."

"ఊఁ."

"నాకేటీ పట్టింపు నేదు. సుట్టాలు."

"ఊఁ అన్నాను కదే."

చిట్టి కంచంలో మెతుకులు లెక్కబెడుతున్నట్టు కూర్చుంది.

రామ్‌గోపాల్ మంచివాడే. గొడుగు లైట్లు పెట్టి, చిట్టిని అటు తిప్పి ఇటు తిప్పి తీశాడు. పిల్ల ఏ పక్కకి తిరిగితే బాగుంటుందో వాడికి తెలీలేదు. తండ్రికి తెలుసు. ఆఖర్న కుటుంబం ఫోటో అన్నారు. పరదేశి కెమెరా ముందు ఎప్పుడూ నిలబడలేదు. కుర్చీలో కూర్చోబెడితే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక, భుజమ్మీద లేని పట్టీ కోసం తడుముకున్నాడు.

సంచి బయట వీధిగోడ మేకుకి ఉంది.

"బాబాయ్, ఇటు చూడండి. గెడ్డం కాస్త ఎత్తండి" అన్నాడు రామ్‌గోపాల్.

ఎత్తాడు. మళ్ళీ వాలిపోయింది.

"ఎత్తండి బాబాయ్. ఆఁ, అలాగే ఉంచండి."

ఉంచడానికే చూస్తున్నాడు పరదేశి. తల నిలబడటం లేదు. మెడ వెనక ఆనించడానికి ఏదీ లేదు.