కడప పరుగుకు ఏడున్నర గింజలు

మధ్యాహ్నం ఒకటిన్నరకు కోయిలకుంట్లలో కడప బస్సు ఎక్కాము, నేనూ నా కోడలు సుజాతా. రెండువేల ఆరు, చలికాలం చివర. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పోయే బస్సు అది. ఎడమ పక్క సీట్లలో కూర్చుంటే ఎండ తగలదు. సుజాత ఒళ్లో సంచి నిండా సద్దరొట్టెలు, శెనక్కాయల పొడి. నా ఒళ్లో కొత్త తెల్ల బూట్లు.

"యాడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"కడపకప్పా. పరుగు పందేనికి."

"ఎవరు పరిగెత్తేది, ఈ పాపా?"

"లేదప్పా, నేనే."

ఆయన నన్నూ బూట్లనూ చూసి, "అయితే నీకు టికెట్టెందుకమ్మా? బస్సు యెనకాలే పరిగెత్తుకోని రా!" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నవ్వరా మరి! నాకప్పటికి యాభై రెండేళ్లు. అంగట్లో కూర్చుని కూర్చుని చక్కెర జబ్బు తెచ్చుకున్నదాన్ని. డాక్టరు నడవమంటే తెల్లవారి హైస్కూలు గ్రౌండులో తిరగడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి ఈ మూల నుంచి ఆ మూలకు పరుగు. మూడో నెలకు ఆగకుండా ఏడు చుట్లు. లెక్క తప్పకుండా కుడి గుప్పెట్లో శెనక్కాయ గింజలు పట్టుకుని, చుట్టుకొకటి పారేసేదాన్ని. కడపలో నలభై దాటిన ఆడవాళ్లకు మూడు కిలోమీటర్ల పందెం ఉందని సుజాతే కనుక్కుని నా పేరు రాయించింది.

మా ఆయనకు మాత్రం ఇది రుచించలేదు. "చీర ఎగ్గట్టుకోని దౌడు తీస్తాండావని అంగడికొచ్చినోళ్లంతా నన్నే అడుగుతాండారు. సరే, కడపకు పోయి రా. యాడా కూర్చోకుండా ముగిస్తే నిన్ను ఇంక అడ్డగించను. నడుమ కూర్చుంటివా, ఆ గ్రౌండు మాట మర్చిపో" అన్నాడు. అని, అంగడి మూటలోంచి తానే మంచి గింజలు ఏరాడు. కడపలో ఏడున్నర చుట్లు. అందుకని ఎనిమిదో గింజను విడగొట్టి ఒక్క బద్దే ఇచ్చాడు. తూకం మనిషి!

జమ్మలమడుగులో మూడింటికి టీ తాగాము. ప్రొద్దుటూరు దాటగానే పెన్న వంతెన వచ్చింది. ఏట్లో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. కమలాపురంలో ఒకామె ఎక్కి నా పక్క వరుసలో కూర్చుంది. ఆమె చేతిలోనూ తెల్ల బూట్లే! పేరు ఖైరూన్, బట్టలు కుడుతుందట.

"నువ్వు గూడా పందేనికేనా అక్కా? పొద్దున్నుంచి శానా భయపడ్తాండా. నువ్వుండావు గదా, ఇంక సాలు" అంది. సద్దరొట్టె పెడితే రెండు తినింది.

ఐదున్నరకు కడప చేరాము. ఖైరూన్ వాళ్ల చెల్లెలింటికి పోయింది. మేము బస్టాండు దగ్గరి సత్రంలో గది తీసుకున్నాము. పొద్దున్నే బకెట్టు వేడినీళ్లిచ్చారు.

ఆరున్నరకు గ్రౌండులో ఇరవై మందిమి సున్నపు గీత మీద నిలబడ్డాము. అందరూ ఒక దిక్కు, నేనొక్కదాన్నే ఇంకో దిక్కు.

"అమ్మా, ఇటు తిరగండి" అన్నాడు పీటీ సారు.

"గ్రౌండును ఎడమ చేతి పక్క పెట్టుకోని తిరిగేదేంది సార్? అప్రదక్షిణం గదా?"

"నడుమ దేవుడు లేడమ్మా, వాలీబాల్ నెట్టు ఉండాది!"

ఈలలు, నవ్వులు. గుడిలో తిరిగినట్టే కుడిచేతి పక్క పెట్టుకుని మూడు నెలలు తిరిగినదాన్ని. అందరూ అటే పోతుంటే నేనొక్కదాన్నే ఏం చేసేది? తిరిగాను.

మూడు చుట్లు బాగానే పోయాయి. నాలుగో దాంట్లో అలవాటు లేని మలుపులకు ఎడమ మోకాలు పట్టేసింది. మనసులోనూ ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంది. గ్రౌండు పక్కన నాపరాతి అరుగు నన్నే పిలుస్తున్నట్టుంది. గుప్పెట్లో ఇంకా నాలుగున్నర గింజలున్నాయి.

నన్ను దాటిపోతూ ఖైరూన్ అరిచింది: "కూర్చోవద్దక్కా! కూర్చుంటే లెయ్యలేవు!"

గీత దగ్గర కూర్చున్న సుజాత నా ముఖం చూసి లేచి నిలబడింది. "అత్తా, నడుమ ఏముంటే నీకేమి? నేను నీ కుడిపక్కనే ఉండా గదా!"

నిజమే. గ్రౌండు ఎడమకు పోతే బయట నిలబడిన మనిషి కుడికి వస్తుంది. నాకది తట్టనే లేదు. ఆ తర్వాత నెట్టు వైపు చూడలేదు. కాసేపు కుంటుతూ పరిగెత్తాను, కాసేపు నడిచాను, కూర్చోలేదు. సుజాత దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక గింజ పారేశాను. చివరి గీత దాటేసరికి నా వెనక ఇద్దరే ఉన్నారు. గుప్పెట్లో చెమటకు నానిన బద్ద మిగిలింది. నోట్లో వేసుకున్నాను.

బస్టాండులో రూపాయి ఫోను నుంచి అంగడికి చేశాను.

"కూర్చుంటివా?" అన్నాడు మా ఆయన.

"కూర్చోలే."

"రేపటికి గింజలు తెల్లవారే తీసిపెట్టినా. ఎనిమిది. బద్దలు చేసేది నాతో కాదు."

పది గంటల బస్సెక్కాము. మీలో ఎవరైనా కడపకు పరుగుకు పోతే బూట్లు నెల ముందే కొని తొడిగి అలవాటు చేసుకోండి, రెండు దిక్కులా తిరిగి నేర్చుకోండి. తిరుగు బస్సులో కూడా నీడ ఎడమ పక్కే ఉంటుంది. నేను కిటికీ దగ్గర కూర్చుని, సుజాతను నా కుడిపక్కన కూర్చోబెట్టుకున్నాను.